అత్తమ్మ పరుపును ఏట్లో వదలనివ్వలేదు

అత్తమ్మ పోయిన పదకొండో రోజు పొద్దున్నే ఆమె పడుకున్న పరుపు, రెండు మెత్తలు, ఒక బొంత, చీరల మూట వాకిట్లోకి వచ్చాయి. ట్రాలీ ఆటో అప్పటికే వచ్చి నిలబడింది. సంగమం దాకా తీసుకుపోయి ఏట్లో వదిలి, స్నానాలు చేసి రావాలని పెద్దలు అనుకున్నారు. మాది వాడపల్లి. కృష్ణలో మూసీ కలిసే చోటు మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరమే. మిర్యాలగూడ వైపు నుంచి కూడా అస్థికలు కలపడానికి ఇక్కడికి వస్తారు. అందుకని ఒడ్డున నానిపోయిన పరుపులు, చాపలు, చినిగిన మెత్తలు కనబడటం మాకు కొత్త కాదు.

నేను పరుపు ఒక్కటీ ఆటో ఎక్కనివ్వలేదు. గొడవేమీ పెట్టలేదు. "అది నేను చూసుకుంటా, మిగతావి తీసుకుపోండి" అన్నాను, అంతే. మా వదిన, అంటే మావారి అక్కయ్య, నా ముఖం అట్లాగే చూసింది. "పోయినోళ్ల పక్క ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్నా?" అంది. ఆ రోజు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. ఇప్పుడు రెండేళ్లు దాటింది కాబట్టి నిదానంగా రాస్తున్నాను.

మొదట వదిన వైపు ఉన్న న్యాయం ఒప్పుకోవాలి. పోయినవాళ్ల పక్కను ఇంట్లో ఉంచకూడదని మన పెద్దలు ఊరికే అనలేదు. కలరాలు, మశూచి, క్షయ ఇళ్లకు ఇళ్లు తుడిచిపెట్టిన రోజుల్లో ఆ మాట పసిపిల్లల ప్రాణాలు కాపాడి ఉంటుంది. ఇప్పుడైనా అంటురోగంతో పోయినా, పుండ్లు పడి చీము, రక్తం దూదిలోకి దిగినా ఆ పరుపును ఉంచమని నేను చెప్పను. మా అత్తమ్మది అట్లాంటి చావు కాదు. ఎనభై దాటిన మనిషి, రాత్రి పెరుగన్నం తిని పడుకుని తెల్లారి లేవలేదు. రోగమే లేని పరుపుకు రోగపు నియమం ఎందుకు?

రెండో సంగతి, ఏట్లో వదిలితే అది ఎక్కడికి పోతుందని? దూది పరుపు తడిస్తే తేలదు, కొట్టుకుపోదు. పది అడుగుల దూరంలో బురదలో కూరుకుపోతుంది. మూసీ ఎట్లాగూ హైదరాబాదు మురుగంతా మోసుకుని వస్తుంది, దానికి తోడు మనం మన పరుపులు కూడా ఇవ్వాలా? 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు మా ఇంట్లో ఇరవై మంది చుట్టాలు దిగారు. ఆ పన్నెండు రోజులూ ఉన్న బొంతలన్నీ దించి పరిచాం. అందరూ మూడు మునకలు వేసి, నీళ్లు నెత్తిన చల్లుకుని వచ్చారు. పుణ్యం కోసం మునిగే నీళ్లలోనే మళ్లీ మన మైలపక్కలు వదులుతున్నామని ఒక్కరికీ తోచకపోవడం నాకు ఇప్పటికీ వింతే. 2028లో మళ్లీ పుష్కరాలు వస్తాయి. అప్పటికి ఎవరైనా ఆలోచిస్తారేమో.

ఇక ఆ పరుపు సంగతి. అత్తమ్మ 1960ల్లో కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివాళ్లు సారెతో పాటు పంపిన పరుపు అది. వాళ్ల చెలకలో పండిన పత్తి. గింజ తీయించి, ఏకించి, చారల గుడ్డలో కుట్టించి బండిలో పంపారట. అప్పటి నుంచి ఎన్నిసార్లు విప్పి ఏకించారో లెక్క లేదు. గుడ్డ అయిదారుసార్లు మారి ఉంటుంది, దూదిలో కూడా సగం కొత్తదే అయి ఉంటుంది. "ఇది మా నాయన చేను" అనేది అత్తమ్మ దాన్ని తడుముతూ. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఆ మాటకు నవ్వుకునేదాన్ని. ఆమె పోయాక ఆటోలో దాన్ని చూస్తే నవ్వు రాలేదు.

ఒక ఏడాది అది అటక మీదే ఉంది. దాచడం కూడా నేను సరిగ్గా చేయలేదు, ముందే చెబుతున్నాను. దుమ్ము పడకూడదని ప్లాస్టిక్ కవరులో చుట్టి తాడుతో బిగించి కట్టాను. దూదికి ప్లాస్టిక్ పడదని తెలిసి కూడా తొందరలో చేసిన పని. వానాకాలం వెళ్లాక విప్పితే గుప్పున ముక్కవాసన వచ్చింది, ఒక మూల నల్లమచ్చలు కూడా పడ్డాయి.

సంవత్సరీకానికి మా అబ్బాయి, కోడలు డెన్వర్ నుంచి వచ్చారు. వాళ్లు అక్కడ సెలవు దొరికితే కొండలెక్కుతారు. వాడి సామానులో ఒక సంచి ఉంది, పొట్లకాయంత. లాగితే అందులోంచి స్లీపింగ్ బ్యాగు బయటికి వచ్చింది. లోపల బాతు ఈకలట. ఈకలంటే ఈనె ఉన్న ఈకలు కాదు, బాతు పొట్ట దగ్గర ఈకల కింద ఉండే మెత్తటి నూగు. దాని మీద 650 అని అంకె ఉంది. అదేమిటంటే, 28 గ్రాముల నూగు విప్పారితే 650 ఘనపు అంగుళాల చోటు నింపుతుందట, మన లెక్కలో పది లీటర్ల పైమాటే. పిడికెడు నూగు ఒక నీళ్ల బకెట్ నింపుతుందన్నమాట.

కానీ వాడి సంచి అట్లా లేదు, అప్పడంలా ఉంది. నాలుగేళ్లు ఆ చిన్న సంచిలోనే కుక్కి ఉంచాడు. ఒక చోట చలిమంట నిప్పురవ్వ పడి చిల్లు కూడా పడింది, కదిపినప్పుడల్లా ఈకలు ఎగురుతున్నాయి. "ఇక్కడే పడేసి పోతానమ్మా, అక్కడికెళ్లి కొత్తది కొనుక్కుంటా" అన్నాడు. అటక మీది పరుపు చూపిస్తే "అది కూడా పడేయ్, నీకు మంచి ఫోమ్ పరుపు తెప్పిస్తా" అన్నాడు. ఒక్క నోటితో రెండూ తేల్చేశాడు.

నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. నాయనమ్మ పరుపు, వాడి సంచి ఒకే జబ్బుతో ఉన్నాయి. దూది అయినా ఈక అయినా వెచ్చదనం దానిది కాదు. దాని మధ్య చిక్కుకున్న గాలిది. గాలి నిలిచే చోటు లేకపోతే దూది రాయవుతుంది, ఈక అప్పడమవుతుంది. మా ఊరి లక్ష్మీనరసింహస్వామి గుడిలో రెండు దీపాలు ఉంటాయి. స్వామి ముఖం దగ్గరి దీపం రెపరెపలాడుతుంది, కింది దీపం కదలదు. పై దీపం స్వామి ఊపిరికి కదులుతుందని చెబుతారు. చిన్నప్పుడు మా అబ్బాయి ఆ దీపాన్ని కన్నార్పకుండా చూసేవాడు. ఆ గుడి చూపించి "పరుపుకు కూడా ఊపిరాడాలిరా" అన్నాను. కోడలు నవ్వింది, వాడు నవ్వలేదు.

సంచి పని ముందు పెట్టుకున్నాం, ఎందుకంటే వాళ్లు ఉండేది మూడు వారాలే. కోడలు ఫోనులో చూసి చెబుతుంటే నేను చేశాను. చిల్లును సూదితో కుట్టకూడదట, సూది పోటు పడిన ప్రతి చోటా మళ్లీ ఈకలు కారతాయి. బ్యాగు కొన్నప్పుడు ఇచ్చిన నైలాన్ అతుకు టేపు వాడి సామానులోనే ఉంది. మూలలు గుండ్రంగా కత్తిరించి అంటించాం. మూలలు పదునుగా ఉంటే అక్కడి నుంచే లేస్తుందట. తరువాత పెద్ద టబ్బులో గోరువెచ్చని నీళ్లు, చాలా కొద్దిగా మెత్తటి సబ్బు. ఘాటైన సబ్బు వేస్తే ఈకలకుండే సహజమైన జిడ్డు పోయి పెళుసవుతాయి. పిండకూడదు, బండమీద కొట్టకూడదు. సబ్బు వాసన పూర్తిగా పోయేదాకా ఆరుసార్లు నీళ్లు మార్చాం. అన్నిటికంటే కష్టం దాన్ని నీళ్లలోంచి తీయడం. తడిసిన ఈకల బరువుకు లోపలి అరల కుట్లు తెగిపోతాయి, అందుకని ఒక కొస పట్టుకుని ఎత్తకూడదు. స్నానం చేయించిన పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులూ కిందికి పోనిచ్చి ఎత్తాలి.

అమెరికాలో అయితే మిషన్లో టెన్నిస్ బంతులు వేసి సన్నటి వేడి మీద ఆరబెడతారు, ఆ బంతులే ఈకల ముద్దల్ని కొట్టి విడగొడతాయి. మా ఇంట్లో ఆరబెట్టే మిషను లేదు. డాబా మీద నీడన చాప పరిచి, గంటకోసారి తిప్పుతూ, ముద్దలు కట్టిన చోట వేళ్లతో విడదీస్తూ కూర్చున్నాం. మూడు రోజులు పట్టింది. పైకి ఆరినట్టే ఉంటుంది కానీ వెలుతురుకు పట్టి చూస్తే లోపల నల్లటి ముద్దలు కనబడతాయి. తడి ఉండగా మడిచిపెడితే కుళ్లు వాసన వస్తుంది. మూడో రోజు సాయంత్రం అది మెల్లగా పొంగింది. పూరీ పొంగినట్టు అని రాయాలనిపిస్తుంది కానీ అంత త్వరగా కాదు.

కాళ్ల దగ్గరి రెండు అరల్లో మాత్రం ఈకలు తక్కువయ్యాయి. వాడి పాత ఈకల జాకెట్టు ఒకటి జిప్పు పోయి పడి ఉంది. దాన్ని కోసి ఆ నూగు ఈ అరల్లో నింపుదామన్నాను. ఎవరైనా ఈ పని చేసేటట్టయితే ఫ్యాను ఆపి, తలుపు వేసుకుని, స్నానాల గదిలో చేయండి. మేము హాల్లో చేశాం. మావారు బయటి నుంచి వచ్చి తలుపు తీసేసరికి ఇల్లంతా కోళ్లఫారం అయింది. ఆ తరువాత రెండు రోజులు మా పప్పులో కూడా ఈకలు వచ్చాయి.

ఇంత చేశాక పరుపును పడేయమని వాడు ఎట్లా అంటాడు? అనలేదు. మిర్యాలగూడలో దూదేకేవాళ్ల దగ్గరికి తనే బండి మాట్లాడి తీసుకెళ్లాడు.

నా చిన్నప్పుడు దూదేకులవాళ్లు భుజాన విల్లు వేసుకుని వీధిలోకి వచ్చేవాళ్లు. మనిషంత పొడవు విల్లు, దానికి నరం తాడు, మీటడానికి కొయ్య. ఆ టింగు టింగు మోత వినబడితే పిల్లలమంతా పరుగెత్తేవాళ్లం. దూదేకుల, నూర్‌బాషా, పింజారి, లద్దాఫ్ అని వాళ్లను ఒక్కో చోట ఒక్కో పేరుతో పిలుస్తారు. వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటివాడే కదా. ఇప్పుడు విల్లు చూడాలంటే కష్టం, అందరూ మిషను పెట్టారు. మేము వెళ్లిన చోట డెబ్భై దాటిన తాత ఉన్నాడు. పరుపు కుట్లు విప్పి, దూది గుప్పెట పట్టి నలిపి చూసి, "పాత పత్తమ్మా, పీచు పొడుగున్నది, పారేయొద్దు" అన్నాడు. మచ్చలు పడిన మూల దూది మాత్రం తీసి పక్కన పడేశాడు. బాగా ఎండబెట్టి తెమ్మని పంపాడు, తేమ ఉంటే మిషను పళ్లకు చుట్టుకుంటుందట. రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి మళ్లీ తీసుకెళ్లాం.

పన్నెండు కిలోల పరుపు. ఏకాక దుమ్ము, పొడి, పాడైన దూది పోను తొమ్మిదిన్నర తేలింది. రెండున్నర కిలోలు కొత్తది కలిపించాం. ముందు మిషనులో పడిన బూడిదరంగు గడ్డలు అటువైపు నుంచి తెల్లటి మబ్బులా వస్తుంటే మా అబ్బాయి ఫోను తీసి వీడియో పట్టాడు. ఆ తాత దగ్గుతూనే ఉన్నాడు. దూది దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి, మిల్లుల్లో పనిచేసేవాళ్లకు ఆ జబ్బు వస్తుందని వైద్యులు ఎప్పుడో చెప్పారు. ముక్కుకు ఒక గుడ్డ కట్టుకోమని చెబితే "అలవాటయిందమ్మా" అన్నాడు. కూలి దగ్గర బేరమాడబోయిన మావారిని నేను కళ్లతోనే ఆపాను. కూలి, గుడ్డ, కొత్త దూది అన్నీ కలిపి ఫోమ్ పరుపు ఖరీదులో నాలుగో వంతు కూడా కాలేదు.

ఇక్కడ నేను అత్తమ్మ మాట ఒకటి దాటాను. ఒకే పరుపుగా కాకుండా రెండు పలుచని పరుపులుగా కుట్టించాను. దూది పరుపు గొప్పదని వ్యాసాలు రాసేవాళ్లు, ఎక్కువమంది మగవాళ్లు, ఒక్క సంగతి రాయరు. ఆ పరుపును ఎండలో వేసేది ఎవరు? నెలకోసారి పన్నెండు కిలోల బరువు మేడమెట్లు ఎక్కించి, మధ్యాహ్నం తిప్పి, పొద్దుగూకకముందే మంచు పడకుండా దించేది ఎవరు? నాకు నడుము నొప్పి మొదలైంది ఆ మెట్ల మీదే అని నా అనుమానం. నా ఈడు ఆడవాళ్లు ఫోమ్ పరుపులకు మారింది సోకు కోసం కాదు, నడుము కోసం. ఆ మాట చెప్పకుండా "పాతవే మంచివి" అని పాఠం చెప్పడం నాకు నచ్చదు. ఆరేసి కిలోల పరుపు నేను ఒక్కదాన్నే మోయగలను. రెండూ ఒకదాని మీద ఒకటి వేస్తే అదే పాత పరుపు. అయినా ఎండకు వేసే పని ఇప్పుడు మావారిది, పరుపులు ఇంటికి తెచ్చిన రోజే ఒప్పందం చేసుకున్నాను. అప్పుడప్పుడు మరిచిపోతారు, గుర్తు చేస్తాను.

ఫోమ్ పరుపు గురించి కూడా ఒక మాట. మేమూ ఒకటి కొన్నాం, పదేళ్ల కింద. మధ్యలో గుంట పడింది. దాన్ని విప్పి బాగుచేసేవాడు లేడు, పాతసామాను అబ్బాయి ముట్టుకోడు. పక్క వీధిలో ఒకాయన అట్లాంటిదాన్ని ఖాళీ జాగాలో కాలబెట్టాడు. ఆ నల్లటి పొగకు సాయంత్రం దాకా కళ్లు మండాయి, అది విషపు పొగ. కొనేటప్పుడు ఎన్నేళ్లు వారంటీ అని అడుగుతాం కానీ పాడయ్యాక దీన్ని ఏం చేయాలని ఎవరమూ అడగం. దుకాణం వాళ్లను నేను అడిగి చూశాను. ఆ అబ్బాయి నన్ను పిచ్చిదానిలా చూశాడు.

బూరుగు దూది గురించి చాలామంది అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను. మెత్తలకు బూరుగు మంచిది, పరుపుకు పత్తే మేలు. బూరుగు పీచు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనం పూత లాంటిది ఉంటుంది, అందుకే నీళ్లు త్వరగా పట్టదు. ఒకప్పుడు పడవల్లో వేసుకునే తేలుడు జాకెట్లలో కూడా అదే నింపేవారు. కానీ ఆ పీచు పొట్టిది, పెళుసు. మిషనులో వేసి ఏకితే పొడి పొడి అవుతుంది. చేత్తో విడదీసి ఎండబెట్టి మళ్లీ నింపుకోవాలి, బాగా పొడి అయిపోతే మార్చేయడమే.

దాచే పద్ధతి ఈసారి మార్చాను. ప్లాస్టిక్ లేదు. అత్తమ్మ నూలు చీరలు రెండు కలిపి పెద్ద సంచి కుట్టాను (అవి మూటలోంచి నేనే ముందు తీసి పెట్టుకున్నాను, వదినకు తెలియదు, ఇది చదివితే తెలుస్తుంది). లోపల ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి పెట్టాను. కలరా ఉండలు పెట్టను, ఆ వాసనకు నాకు తల తిరుగుతుంది. పరుపు మీద ట్రంకు పెట్టెలు ఎక్కించకూడదు. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంచకూడదు, మడత పడిన చోట దూది విడిపోయి గీత మిగులుతుంది, నేను చుట్టగా చుట్టి పెడుతున్నాను. రేకుల కింద అటక అయితే వానాకాలం ముందు ఒకసారి పైకెక్కి కారుతుందేమో చూడండి. ఎలుక ఒక్కటి దూరిందంటే పిల్లల్ని పెట్టేదాకా మీకు తెలియదు.

అబ్బాయి సంచికి కూడా మిగిలిన చీరతో పెద్ద గలీబు కుట్టిచ్చాను. ఇంట్లో ఉన్నంతకాలం అందులో వదులుగా ఉంచాలి, కొండకు పోయే రోజు మాత్రమే చిన్న సంచిలో కుక్కాలి. మొన్న వీడియో కాల్‌లో చూపించాడు, వాళ్ల అలమరలో ముదురు ఆకుపచ్చ అంచు చీర సంచి వేలాడుతోంది.

వదిన మొన్న సంక్రాంతికి వచ్చింది. నాలుగు రోజులు ఉంది. ఒక పరుపు ఆమెకోసం పరిచాను. ముందు అడిగింది, "ఇది అమ్మదేనా?" అని. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు, అవునన్నాను. కాసేపు నిలబడి చూసింది. వంగి అంచు మీద చేయి వేసి ఒత్తి చూసింది. తరువాత చాప అడిగి తీసుకుని, ఆ పరుపు పక్కనే నేల మీద పడుకుంది. రాత్రి నేను లేచి చూస్తే ఆమె చేయి పరుపు మీద ఉంది. తెల్లారి దాని గురించి నేనూ మాట్లాడలేదు, ఆమే మాట్లాడలేదు. కాఫీ తాగుతూ, "ఆ దూదేకే తాత ఇంకా ఉన్నడా? మా ఇంట్ల కూడా రెండు మెత్తలున్నయి" అని మాత్రం అంది.